చీటీ తప్పైతే చిప్ ఏం చేస్తది

పోయిన నెల మా ఆఫీసులో బడ్జెట్ మీటింగ్. మాది మేడ్చల్ వైపు ఉన్న ఒక చిన్న విత్తనాల కంపెనీ, పేరు వద్దులెండి, ఆముదం, పొద్దుతిరుగుడు మా పంటలు. మీటింగ్‌లో మా డేటా కుర్రాడు లేచి, అక్కా ఇంక మనం ఫీల్డ్ ట్రయల్స్ సగానికి సగం తగ్గించుకోవచ్చు, ఆ డబ్బుతో అన్ని లైన్లకీ, అంటే హైబ్రిడ్‌ల తల్లిదండ్రులకి, స్నిప్ చిప్ అనే డీఎన్‌ఏ పరీక్ష చేయిస్తే ఏ హైబ్రిడ్ ఎంత పండుతదో కంప్యూటర్ మోడలే చెప్తది అన్నాడు. స్లయిడ్ మీద చుక్కలన్నీ ఒక గీత వెంట చీమల బారులా పోతున్నాయి, చూడ్డానికి ముచ్చటగానే ఉంది, మా పెద్దసారు తల ఊపేశారు కూడా. నేను ఒక్కదాన్నే వద్దన్నాను. వద్దన్నందుకు నాకు పాతకాలం మనిషి అని పేరు పడింది. మీటింగ్‌లో పది నిమిషాల్లో చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నా, కాస్త పొడుగవుతుంది, ఓపికుంటే చదవండి.

ముందే చెప్తున్నా, నాకు మార్కర్లంటే, అదే డీఎన్‌ఏలో ఆనవాళ్ళంటే, పడక కాదు. లేత ఆకు తెంపి, ఐసు డబ్బాలో పెట్టి, డీఎన్‌ఏ తీసి, జెల్ మీద గీతలు లెక్కపెట్టిన రోజుల నుంచి ఈ పనిలోనే ఉన్నా. నా తగువంతా ఆ మార్కర్లని ఏ ప్రశ్న అడుగుతున్నాం అన్నదాని దగ్గరే.

అసలు సమస్య ఏంటంటే లెక్క. మా దగ్గర 80 ఆడ లైన్లు, 60 మగ లైన్లు ఉన్నాయనుకోండి, అన్నీ ఒకదానితో ఒకటి క్రాస్ చేస్తే 4,800 హైబ్రిడ్‌లు. ఒక్కోదాన్ని మూడు ఊళ్ళల్లో, ఊరికి రెండు రెప్‌లు, అంటే అదే హైబ్రిడ్ రెండు ప్లాట్లలో, వెయ్యాలంటే 28,800 ప్లాట్లు. అంత భూమీ లేదు, అంతమంది కూలోళ్ళూ దొరకరు, ఇన్ని క్రాస్‌లు చేసే చేతులూ లేవు. అందుకని ఏ బ్రీడరైనా రెండు మూడు వందలు వేసి చూసి, మిగతావి గుడ్డిగా వదిలేస్తాడు. ఆ వదిలేసిన వేలల్లో మంచిది ఉండిపోయిందేమో అన్న గుబులు ఈ వృత్తిలో అందరికీ ఉండేదే. ఆ గుబులుకి మందుగానే ఈ ప్రిడిక్షన్ వచ్చింది.

పనిచేసే తీరు మరీ బ్రహ్మవిద్యేం కాదు. ఆముదం జీనోములో దాదాపు 35 కోట్ల అక్షరాలు, పొద్దుతిరుగుడులో ఏకంగా 360 కోట్లు, అంటే మనిషికన్నా ఎక్కువే. ఆ అక్షరాల్లో అక్కడక్కడా ఒక లైనుకీ ఇంకో లైనుకీ ఒక్క అక్షరం తేడా ఉంటది, అదే స్నిప్. కొన్ని వేల స్నిప్‌లు ఒకేసారి చదివే చిప్ ఉంటది. పొలంలో పండించిన రెండు మూడు వందల హైబ్రిడ్‌ల దిగుబడి, వాటి తల్లిదండ్రుల స్నిప్‌లు పక్కపక్కన పెట్టి, ఏ స్నిప్‌కి ఎంత కూడిక, ఎంత తీసివేత అని కంప్యూటర్ అంచనా కడతది, ఒక్కోదానిది పిసరంత, వేలు కలిస్తే ఒక నంబరు. ఆ నంబర్లతో పండించని హైబ్రిడ్‌లకి కూడా జోస్యం చెప్తది. 1994లోనే బెర్నార్డో మొక్కజొన్నలో మార్కర్లతో చెయ్యని క్రాస్‌ల దిగుబడి అంచనా వేసి చూపించాడు, 2001లో మ్యూవిస్సెన్, హేయ్స్, గొడ్డార్డ్ జీనోమ్ మొత్తాన్నీ ఒకేసారి లెక్కలోకి తీసుకునే పద్ధతి పెట్టారు, పాడి పశువుల్లో అది దుమ్ము లేపింది, తర్వాత ఆవగింజల చుట్టమైన రేప్‌సీడ్‌కీ, పొద్దుతిరుగుడుకీ వచ్చింది.

(మా బాబాయి ఫోన్‌లో అడిగాడు, ఇది బీటీ పత్తి లాంటిదేనా బిడ్డా అని. కాదు బాబాయ్, ఇది ఉన్నది చదవడం, అది కొత్తగా రాయడం అన్నా. చదివితే పంట పెరుగుతదా అన్నాడు. ఆ ప్రశ్నకి జవాబు చెప్పడానికే ఈ పోస్టు అనుకోండి.)

మొదట్లో ఇంకో తేలిక దారి కూడా అందరూ పట్టారు. తల్లీ తండ్రీ ఎంత దూరం సంబంధమైతే హైబ్రిడ్‌కి అంత బలం అని. మనకి మేనరికాల గురించి తెలుసు కాబట్టి ఈ మాట చటుక్కున నమ్మబుద్ధవుతది. దగ్గరి చుట్టాలని కలిపితే పంట నీరసపడుద్ది, అంతవరకు నిజమే. కానీ ఒక గీత దాటాక ఎంత దూరం పోయినా లాభం పెరగదు. మా ఫీమేల్ గుంపూ మేల్ గుంపూ ఎలాగూ వేర్వేరు, ఆ రెండు గుంపుల మధ్య చేసే క్రాస్‌లన్నీ దూరపు సంబంధాలే, అప్పుడు వాటిలో ఏది గొప్పదో ఆ దూరం నంబరు దాదాపు ఏమీ చెప్పదు. నేను సొంతంగా రెండేళ్ళు ఎస్ఎస్ఆర్ అనే పాతరకం మార్కర్లతో ఈ దూరాలు లెక్కేసి రంగురంగుల చెట్టు బొమ్మలు గీశా, ఒక్కటి కూడా ట్రయల్లో నాకు పనికిరాలేదు. గోడమీద మాత్రం బాగుండేది.

సరే, మార్కర్లు కళ్ళు మూసుకుని నమ్మదగ్గ చోటు ఏదంటే, అవునా కాదా అని అడిగే చోటు. ఇప్పుడు తెలంగాణలో అందరూ ఆయిల్‌పామ్ ఆయిల్‌పామ్ అంటున్నారు కదా, దానిది అందమైన కథ. మందం పెంకు ఉండే డ్యూరా, పెంకే లేని పిసిఫెరా, రెండిటినీ కలిపితే పల్చటి పెంకు టెనెరా. రైతు నాటేది టెనెరా, డ్యూరాకన్నా దాదాపు 30 శాతం నూనె ఎక్కువ. ఇదంతా నడిపేది ఒకే ఒక్క జీన్, దాని పేరే షెల్, 2013లో మలేసియా సైంటిస్టుల బృందం దాన్ని పట్టుకుంది. నర్సరీలో ఆకు ముక్క తెంపి పరీక్ష చేస్తే ఈ మొక్క టెనెరానా, పొరపాటున దూరిన డ్యూరానా తేలిపోతది. లేకపోతే రైతు మూడు నాలుగేళ్ళు నీళ్ళు పెట్టి, గెల కోసి, కాయ చీల్చి చూసుకున్నాక గానీ మోసపోయింది తెలియదు. నన్నడిగితే నర్సరీ నుంచి బయటికి పోయే ఏ లాటుకైనా ఈ పరీక్ష లేకుండా పంపనే కూడదు.

వేరుశనగ సంగతి ఇంకోరకం. అందులో హైబ్రిడ్ వ్యాపారం లేదు, పువ్వు విచ్చకముందే తనలో తనే కలిసిపోతది, ఒక్కో పువ్వు క్రాస్ చేస్తే చేతికొచ్చేది ఒకటి రెండు కాయలు. అయినా పటాన్‌చెరులోని అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్, జునాగఢ్ వేరుశనగ పరిశోధన సంస్థ కలిసి మార్కర్లతో ఓలీక్ ఆమ్లం (నూనెలో ఉండే ఒక మంచి కొవ్వు) ఎక్కువుండే గిర్నార్-4, గిర్నార్-5 రకాలు తెచ్చాయి. అక్కడ చూసింది రెండే జీన్లు. పొద్దుతిరుగుడులో 1969లో ఫ్రాన్స్‌లో లెక్లర్క్ కనిపెట్టిన మగ వంధ్యత్వం, అంటే పనికొచ్చే పుప్పొడి రాని గుణం, మీదే ఇవాళ్టికీ ప్రపంచం హైబ్రిడ్‌లు నిలబడి ఉన్నాయి, ఆ వంధ్యత్వాన్ని సరిచేసి గింజ కట్టించే రిస్టోరర్ జీన్ మగ లైనులో ఉందా లేదా అన్నది మొలక మీదే మార్కర్‌తో చూడొచ్చు, పూత దాకా ఆగక్కర్లేదు. విత్తనం స్వచ్ఛతా అంతే. ఆముదం ఆడ లైనులో ఎండ ముదిరితే ఆడ పూల మధ్యలో మగ పూలు దూరతాయి, దాంతో సెల్ఫ్ అయి, అంటే తన పుప్పొడి తనకే పడి, హైబ్రిడ్ విత్తనంలో కల్తీ కలుస్తది. గ్రో-అవుట్ టెస్ట్ అంటే ఆ విత్తనం మళ్ళీ నాటి, గెల వచ్చేదాకా చూడాలి, సీజను పోతది. మార్కర్ అయితే మొలకల ఆకులతో కొన్ని రోజుల పని. ఇవన్నీ ఇవాళే చెయ్యండి, అప్పు చేసైనా చెయ్యండి.

దిగుబడి అలా కాదు. దిగుబడికి జీన్ లేదు, వందలున్నాయి, వాటితోపాటు వాన, మట్టి, తెగులు, కూలీ, చీటీ కూడా ఉన్నాయి.

చీటీ అన్నా కదా, ఏ ప్లాట్‌లో ఏ హైబ్రిడ్ వేశామో రాసుకునే పేరు, దాని సంగతి చెప్పాలి. నాలుగేళ్ళ కిందట ఇదే డేటా పిల్లాడు కొత్తగా చేరిన ఏడు, ఆముదం ట్రయల్ డేటా మొత్తం మోడల్లో వేశాడు. జోస్యానికీ నిజానికీ పొంతనే లేదు. వెంటనే, అక్కా మార్కర్లు చాలట్లేదు, ఇంకా పెద్ద చిప్ కావాలి అన్నాడు. ఆ ధర విని మా అకౌంట్స్ ఆయన రెండు రోజులు మాతో మాట్లాడలేదు. నాకేమో ఒకటే అనుమానం, మేం ప్రతి ట్రయల్లో జీసీహెచ్-4 చెక్‌గా, అంటే పోల్చి చూసుకోడానికి, వేస్తాం, గుజరాత్ వాళ్ళ పాత హైబ్రిడ్, దాని తీరు నాకు కంఠతా వచ్చు, కానీ ఆ షీట్‌లో అది ఒక రెప్‌లో బ్రహ్మాండంగా, ఇంకో రెప్‌లో అధ్వానంగా ఉంది. షీట్ ప్రింట్ తీసుకుని పొలం దగ్గరికి పోయి మా మేస్త్రి తాతని అడిగా. తాత ఇరవై ఏళ్ళుగా మా ట్రయల్స్ నాటిస్తున్నాడు. ఆయన కాగితం తిప్పి తిప్పి చూసి, "అమ్మా, మేం అరక తిరిగినట్టు నాటినం గదా, ఈ పిల్లగాడు ఏడికాడికి కొత్తగ మొదలువెట్టి రాసిండు" అన్నాడు.

అంతే సంగతి. మొదటి సాలు ఎడమ నుంచి కుడికి నాటారు, రెండో సాలు కుడి నుంచి ఎడమకి, పొలంలో ఎవరైనా అలాగే నడుస్తారు, మళ్ళీ ఈ చివరికి ఉత్త చేతుల్తో నడిచి రావడమెందుకు. కంప్యూటర్‌లో మాత్రం ప్రతి వరుసా ఎడమ నుంచే ఎంట్రీ అయింది. అంటే సరిసంఖ్య వరుసలన్నిటిలో ఒక హైబ్రిడ్ గింజల బరువు ఇంకో హైబ్రిడ్ పేరు మీదికి ఎక్కింది. సగం ట్రయల్ ఇంకొకరి జాతకం. లక్ష స్నిప్‌ల చిప్ తెచ్చినా అది ఆ తప్పు పేర్లనే ఇంకా శ్రద్ధగా నేర్చుకునేది. వరుసలు తిరగేసి మళ్ళీ నడిపితే అదే చిన్న చిప్‌తో మోడల్ దారిలో పడింది. పెద్ద చిప్ డబ్బులు మిగిలాయి, తాతకి మాత్రం ఒక కిలో జిలేబీ దక్కింది, అంతకన్నా ఎక్కువ ఇప్పించలేకపోయానన్న సిగ్గు నాకుంది.

ఇది మా ఒక్క కంపెనీ బాగోతం అనుకోకండి. ఆముదం ఒక్కసారి కోసే పంట కాదు, మొదటి గెల మూడు నెలలకి వస్తే, తర్వాత రెండో వరస, మూడో వరస గెలలు ఇంకో రెండు మూడు నెలలు వస్తూనే ఉంటాయి, నాలుగో కోత టైముకి సంక్రాంతి వస్తది, కూలోళ్ళు రారు, ఆ కోత బరువు ఎవరో ఒకరు అందాజాగా రాసేస్తారు. పొద్దుతిరుగుడైతే రామచిలకలు. చెట్లకి దగ్గరున్న ప్లాట్లు ఖాళీ, నడిమధ్య ప్లాట్లు పదిలం, అప్పుడు తూకంలో గెలిచింది హైబ్రిడ్డా, చిలక దయా? తేనెటీగలు తక్కువ వచ్చిన ఏడు గింజలు తాలు పోతాయి, అదీ హైబ్రిడ్ ఖాతాలోకే.

లెక్కల్లో దీన్ని హెరిటబిలిటీ అంటారు, అంటే ప్లాట్‌కీ ప్లాట్‌కీ కనబడే తేడాలో నిజంగా వంశం వల్ల వచ్చిన వాటా ఎంత అని. మోడల్ ఎంత తెలివిగలదైనా దాని జోస్యం పొలం నంబరుతో కలిసే మేరకి ఈ వాటా వర్గమూలమే పైకప్పు. వాటా పాతిక శాతమే అనుకోండి, మోడల్‌కి దేవుడు వచ్చి చెవిలో చెప్పినా ఆ పొంతన 0.5 దాటదు (పూర్తిగా కలిస్తే 1). నూనె శాతానికి ఈ బాధ తక్కువ, అది చాలావరకు తల్లిదండ్రుల సగటుకి దగ్గరగా వచ్చే గుణం, ఊరు మారినా పెద్దగా ఊగదు, ప్రయోగశాలలో మిషన్ మీద కొలుస్తారు, అందుకే పొద్దుతిరుగుడులో నూనె శాతం జోస్యాలు బాగా కుదురుతాయి. ఇక్కడే ఒక మాయ కూడా జరుగుద్ది, నూనె శాతం మీద వచ్చిన మంచి మార్కుల్ని స్లయిడ్‌లో ముందు పెట్టి, దిగుబడి సంగతి చివర్న సన్న అక్షరాల్లో పెడతారు. రైతుకి డబ్బులిచ్చేది క్వింటాళ్ళు. మార్కెట్ యార్డులో పొద్దుతిరుగుడు గింజలకి నూనె శాతం చూసి ఎక్కువ రేటు కట్టడం నేనైతే చూడలేదు.

ఇప్పుడు ఆ చీమల బారు స్లయిడ్‌కి వద్దాం. పిల్లాడు మోసం చెయ్యలేదు, నిజాయితీపరుడు. డేటాని ఐదు ముక్కలు చేసి, నాలుగిటితో నేర్పి ఐదోదాని మీద పరీక్ష పెట్టాడు, అందరూ చేసేదే. కానీ హైబ్రిడ్‌లలో ఒక చిక్కు ఉంది, దాచిపెట్టిన ఐదో ముక్కలో ఉన్న హైబ్రిడ్‌ల తల్లీ తండ్రీ ఇద్దరూ మిగతా నాలుగు ముక్కల్లో వేరే జంటలతో కనబడుతూనే ఉన్నారు. అంటే పరీక్ష పేపర్ సగం ముందే లీకైంది. ఇద్దరు పేరెంట్లూ చూసినవాళ్ళైతే జోస్యం బ్రహ్మాండంగా ఉంటది, ఒకరే తెలిస్తే తగ్గుద్ది, ఇద్దరూ కొత్తవాళ్ళైతే ఇంకా దిగిపోద్ది, ఇది లోకమంతా తెలిసిన సంగతే. మాకు జోస్యం నిజంగా కావాల్సింది ఈ చివరి రకానికే, కొత్త లైన్లకి.

ఇంకోటి అడిగా. ఇద్దరు పేరెంట్లూ తెలిసిన చోట మార్కర్లే లేకుండా, తల్లి పాల్గొన్న క్రాస్‌లన్నిటి సగటు, తండ్రివాటి సగటు ఎక్సెల్‌లో కలిపితే ఎంతొస్తది, అది పక్కన పెట్టి చూపించు అని. ఇది 1942లో స్ప్రేగ్, టేటమ్ చెప్పిన జనరల్ కంబైనింగ్ ఎబిలిటీ, 1957 నుంచి కెంప్‌థార్న్ లైన్-టెస్టర్ పద్ధతిలో మన యూనివర్సిటీ పిల్లలంతా థీసిస్‌లు రాసింది దీని మీదే. పిల్లాడు ఆ సాయంత్రమే వేసి తెచ్చాడు, మొహం కొంచెం వాడింది, మోడల్‌కీ ఎక్సెల్‌కీ మధ్య తేడా పెద్దగా లేదు. కొన్నిసార్లు పాత దారిలో కూడా అదే ఊరు వస్తది. ఎవరైనా మీకు జీనోమిక్ ప్రిడిక్షన్ అమ్మడానికొస్తే మొదట ఈ ఒక్క ప్రశ్న అడగండి, ఎక్సెల్ సగటుకన్నా ఎంత మెరుగు అని. ఛాయ్ తాగకుండానే లేచిపోతారు.

ఊరి సంగతి కూడా ఉంది, అసలు నాకు కోపం వచ్చేది అక్కడే. మా నాయన కల్వకుర్తి దగ్గర చలక భూమిలో ఆముదం వేసేవాడు. మన దేశంలో ఆముదం అంటే గుజరాత్, అక్కడ నీళ్ళు పెట్టి పండిస్తారు, మన దేశపు మొట్టమొదటి ఆముదం హైబ్రిడ్ జీసీహెచ్-3 కూడా 1968లో అక్కడే పుట్టింది. మన పాలమూరులో వానే దిక్కు. అదే పంటకి ఇక్కడ వేరే కష్టాలు, సెప్టెంబర్ అక్టోబర్‌లో ముసురు పట్టిందంటే గెలలు బూజు తెగులుతో దూది పట్టినట్టు అయిపోతాయి. గెల వదులుగా ఉండి గాలి ఆడితే కాస్త బతుకుద్ది, కుదురుగా గట్టిగా ఉన్న గెల, చూడ్డానికి నిండుగా ఉంటది, అదే ముందు కుళ్ళుద్ది. గుజరాత్ డేటాతో నేర్పిన మోడల్ ఆ నిండు గెలకే ఎక్కువ మార్కులేస్తది, దాని తప్పు లేదు, దానికి ముసురు ఎవరూ చూపించలేదు. ఈ నేలకి ఏం కావాలో పాతవాళ్ళకి తెలుసు, దాదాపు 270 రోజుల ఆముదాన్ని న్యూట్రాన్లతో మార్చి 120 రోజులకి దించిన అరుణ రకం, ఆ తర్వాత పాలెం పరిశోధన స్థానం నుంచి వచ్చిన క్రాంతి, హరిత, పీసీహెచ్-111 హైబ్రిడ్, అన్నీ వాన వెళ్ళిపోకముందే ఎంతో కొంత చేతికివ్వాలన్న లెక్కలోంచి వచ్చినవే. క్రాంతి వేసిన ఏడు మా నాయన అన్న మాట ఇప్పటికీ గుర్తే: "పండేది కాదు బిడ్డా, మిగిలేది చూడాలె."

రాజేంద్రనగర్‌లో నూనెగింజల పరిశోధన సంస్థ 1977 నుంచీ ఉంది, పటాన్‌చెరులో ఇక్రిశాట్ 1972 నుంచీ ఉంది, మేడ్చల్ రోడ్డు పొడుగునా విత్తనాల కంపెనీలు, ఇంత పెట్టుకుని కూడా మనింట్లో పొద్దుతిరుగుడు నూనె ప్యాకెట్ ఎక్కడో నల్లసముద్రం ఒడ్డు నుంచి వస్తది, 2022లో అక్కడ యుద్ధం మొదలైతే ఇక్కడ కూకట్‌పల్లి సూపర్ మార్కెట్‌లో మనిషికి రెండు ప్యాకెట్లే అన్నారు నాతో. 1990ల మొదట్లో దేశంలో పొద్దుతిరుగుడు పాతిక లక్షల హెక్టార్లు దాటింది, ఇప్పుడు మూడు లక్షల లోపే. దీనికి కారణం మార్కర్లు లేకపోవడం అని ఎవరైనా అంటే నవ్వొస్తది. రేటు లేదు, నెక్రోసిస్ వైరస్ 1997 నుంచి కొట్టింది, చౌక పామాయిల్ ఓడల్లో దిగింది. 2024లో నూనెగింజల మిషన్‌కి కేంద్రం 10,103 కోట్లు అంది, సంతోషమే, అందులో కొంత మార్కర్లకీ పోవాలి, నాదొక్కటే భయం, కొత్త మిషన్లకి రిబ్బన్లు కత్తిరిస్తారు గానీ ప్లాట్ చీటీలు రాసే మనిషి జీతానికి ఎవరూ రిబ్బన్ కత్తిరించరు.

మరి నేను ఏం చెయ్యమంటానంటే, మోడల్‌ని ఏరడానికి కాదు, పారెయ్యడానికి వాడండి. 4,800లో ఫస్ట్ ఏదో చెప్పమంటే అది తడబడుద్ది, కానీ అడుగున ఉండే సగం ఏవో చెప్పమంటే బాగానే చెప్తది. అడుగు సగం తీసేస్తే అదే పొలంలో మిగతావాటికి రెప్‌లు పెంచుకోవచ్చు, కోతలు నాలుగూ తూచుకోవచ్చు, పాలమూరులో ఒకటి, గుజరాత్‌లో ఒకటి పెట్టుకోవచ్చు. ట్రయల్స్ తగ్గించడానికి కాదు, ఉన్న ట్రయల్స్‌ని దమ్మున్నవాటి మీద పెట్టడానికి. పైగా మోడల్‌కి ఏటేటా కొత్త డేటా తినిపించాలి, లైన్లు మారుతున్నాయి, తెగుళ్ళు మారుతున్నాయి, పొలం ఆపేసిన రెండో మూడో ఏడు నుంచి అది పాత పంచాంగమే చదువుతూ కూర్చుంటది.

ఇంకొక షరతు, దీనికే మీటింగ్‌లో పెద్ద గొడవ. మోడల్ వద్దన్నవాటిలోంచి కూడా చీట్లు తీసినట్టు కొన్ని తీసి నాటాలి. వద్దన్నవాటిని అసలు నాటకపోతే అది చెప్పింది కరెక్టా కాదా ఎప్పటికీ తెలియదు కదా. ఓడిపోయేవాటికి పొలం దండగ అన్నారు పెద్దసారు. సార్ ఓడిపోతాయని ఎవరు చెప్పారు, మోడల్, మోడల్ కరెక్టని ఎవరు చెప్పారు, మోడల్, అన్నాను. నవ్వారు. బడ్జెట్ ఇవ్వలేదు గానీ, చెరువు కట్ట పక్కన ఎవరికీ అక్కర్లేని ముప్పై ప్లాట్ల జాగా ఉంది, అది వాడుకోమన్నారు.

పోయిన వారం అక్కడ నాటేశాం. పిల్లాడు లాప్‌టాప్‌లో ముప్పై చీట్లు తీశాడు, తాత మాత్రం లిస్టులో లేని ఒక క్రాస్ పట్టుకొచ్చి ఇది కూడా ఎయ్యి అన్నాడు, ఎందుకు తాతా అంటే క్రాసింగ్ బ్లాక్‌లో దీని తల్లి చెట్టు గెలలు మొన్నటి ముసురుకి ఒక్కటీ చెడిపోలేదట, ఆయన వేలితో ఒక్కొక్కటీ లెక్కపెట్టాడట. మోడల్ దాన్ని 4,100 చిల్లర ర్యాంకులో పెట్టింది. ముప్పై ఒకటో ప్లాట్‌గా వేశాం. నాటేది ఎటు నుంచి ఎటు అని ఈసారి పిల్లాడే వరుస చివర నిలబడి బాణం గుర్తులు గీసుకున్నాడు, ప్యాంటు మోకాళ్ళదాకా ఎర్రమట్టి. చీట్లు ప్లాస్టిక్‌వి వద్దు, నెమళ్ళు పీకేస్తాయి, రేకువి కట్టండి అని తాత అరుస్తున్నాడు. మొదటి గెలలు దసరా దాటాక వస్తాయి.